పెంటబండి నుంచి గింజలోకి

కోడేరు, కొల్లాపూర్ వైపు చెల్కల్లో ఒకప్పుడు జొన్న, సజ్జ, కొర్ర, తైదలే ప్రధాన తిండిగింజలు. వాటికి ఎరువంటే ఎండాకాలంలో తోలే పెంట, పూడిక తీసిన చెరువు మట్టి, గొర్రెల మంద. కాపరికి గింజలో పైసలో ఇచ్చి రాత్రిపూట మందను చేలో పడుకోబెట్టుకునేవారు. జాగా మారుస్తూ కొన్ని రాత్రుల్లో చేనంతా తిప్పేవారు. పొద్దెక్కి ఆరిపోకముందే దున్నాలి. లేకుంటే మూత్రంలోని నత్రజని గాల్లో కలిసిపోతుంది.

అలా పండిన గింజకు నిజంగానే బలమెక్కువా? ఈ ప్రశ్నను తూకం వేసి చూసినవారున్నారు. ఏ ఎరువు వేస్తే నేల ఏమవుతుందో ఏళ్ల తరబడి గమనించేందుకు కోయంబత్తూరులో 1909లో శాశ్వత ఎరువుల మళ్లు మొదలుపెట్టారు. 1926లో కూనూరు పరిశోధకుడు రాబర్ట్ మెక్‌కారిసన్, తెలుగువాడైన రసాయన శాస్త్రవేత్త భాగవతుల విశ్వనాథం కలిసి ఒక పత్రం ప్రచురించారు. ఆ మళ్లలో పశువుల ఎరువుతో పండిన చిరుధాన్యం, రసాయన ఎరువుతో పండినదానికన్నా ప్రయోగ జంతువులకు ఎక్కువ పోషణ ఇచ్చిందని అందులో తేల్చారు. విశ్వనాథం తర్వాత ఇంపీరియల్ వ్యవసాయ పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. మెక్‌కారిసన్ పనిచేసిన కూనూరు ప్రయోగశాల 1958లో హైదరాబాద్ చేరింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే.

అంతమాత్రాన పాత తిండి అంతా అమృతమేమీ కాదు. 1960లో ఆ సంస్థకే చెందిన గోపాలన్, శ్రీకాంతయ్య దక్కన్‌లో జొన్న తినే పేదల్లో కనిపించే పెల్లాగ్రాకు, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి సంబంధముందని చూపారు. రొట్టె పక్కన పప్పు, పాలు లేని ఇంటి జబ్బు అది. పెంట ఎంత తోలినా జొన్న స్వభావం మారదు.

యూరియా బస్తా వచ్చాక లెక్క ఇంకాస్త చిక్కుబడింది. నత్రజని పెంచితే గింజలో మాంసకృత్తులు పెరుగుతాయి. కానీ జొన్నలో ఆ పెరుగుదల ఎక్కువగా లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం తక్కువున్న రకంలోనే. భాస్వరం మితిమీరితే మొక్కకు జింక్ అందడం తగ్గుతుంది. గింజలో ఫైటేట్ పెరిగి, ఉన్న జింక్ కూడా మన ఒంటికి సరిగా పట్టదు. డీఏపీ మీద డీఏపీ చల్లే అలవాటుకు ఈ సంగతి పట్టదు.

ఎల్లూరు దగ్గర శ్రీశైలం వెనుకజలాలను ఎత్తిపోసే కల్వకుర్తి పథకంతో ఈ ప్రాంతానికి వరి బాగా విస్తరించింది. నీళ్లు నిలిచిన మడిలో జింక్ వేళ్లకు సులువుగా అందదు. అందుకే ఆఖరి దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయమంటారు. అది పంటను కాపాడుతుంది గానీ, గింజలోకి జింక్ చేరాలంటే పాలుపోసుకునే దశలో ఆకులపై పిచికారీయే ఎక్కువ పని చేస్తుంది. ఫిన్లాండ్ ఇలాంటి చిక్కును ప్రభుత్వ స్థాయిలోనే పట్టించుకుంది: నేలలో సెలీనియం తక్కువని 1984 నుంచి ఎరువుల్లోనే కలుపుతోంది. ఇక్కడి కొనుగోలు కేంద్రాల్లో మాత్రం తేమ 17 శాతం దాటిందా, తాలు ఎంత అని చూస్తారు. జింక్‌కు ధర కట్టే పద్ధతి లేదు కాబట్టి, చివరి పిచికారీ ఖర్చు రైతు ఒక్కడిమీదే పడుతోంది.