జపాన్ మాంగాలో సైబోర్గ్ అస్తిత్వం

సగం మనిషి, సగం యంత్రం అయిన వీరులు జపాన్ బొమ్మల కథలకు కొత్త కాదు; షోతారో ఇషినోమోరి ‘సైబోర్గ్ 009’ 1964లోనే మొదలైంది. మనిషితనం ఎక్కడుందన్న ప్రశ్నను సూటిగా వేసినవి మాత్రం తర్వాతి రెండు రచనలు.

మసమునె షిరో ‘ఘోస్ట్ ఇన్ ద షెల్’ (1989)లో కృత్రిమ దేహంతో బతికే అధికారిణి మొతోకో కుసనాగి చివరికి నెట్‌వర్క్‌లో పుట్టిన ఒక చేతనతో ఏకమవుతుంది. డోనా హారవే 1985 నాటి ‘సైబోర్గ్ మ్యానిఫెస్టో’ వెలుగులో చదివే పోస్ట్‌హ్యూమనిస్టు విమర్శకులకు ఇది మనిషికీ యంత్రానికీ మధ్య గీత చెరిగిపోయిన ఘట్టం. ఇది విముక్తేనా? మమోరు ఒషీ 1995లో తీసిన సినిమాలో మొతోకో ఉద్యోగం మానేస్తే దేహాన్నీ ప్రభుత్వానికి అప్పగించాల్సిందే. విముక్తి గురించి మాట్లాడేవారు ఈ యాజమాన్యపు మెలికను దాటవేయకూడదు.

యుకితో కిషిరో ‘గన్ము’ (1990) ఇంకా లోతుకు వెళ్తుంది. చెత్తకుప్పలో దొరికిన గాలీకి ఒళ్లంతా యంత్రమే, మెదడు మాత్రం మనిషిది. ఆకాశనగరం జాలెం పౌరులది నిండు మానవ దేహం. కానీ యుక్తవయసు రాగానే వాళ్లకు తెలియకుండానే మెదడు తీసి చిప్ పెడతారు. ఈ నిజం తెలిసి, ఆ నగరంలోనే పుట్టిన వైద్యుడు ఇదో కుప్పకూలిపోతాడు. మనిషి సారం మెదడులోనే ఉందన్న నమ్మకాన్ని ఇంత నిర్దయగా పరీక్షించిన మాంగా అరుదు.