ఫ్యాన్ లేని ఎంపీ సంగతి సరే, ఆయన పార్టీ ఏంది?

ఏ.కే. రాయ్ గురించి ఒక పోస్టు ఫోన్లల్ల తిరుగుతనే ఉంటది. మూడుసార్లు ఎంపీ, అయినా పెన్షన్ ముట్టలే, పెండ్లి చేసుకోలే, ఫ్యాన్ లేని పార్టీ ఆఫీసుల నేల మీదనే పండిండు అని. అన్నీ నిజాలే. కాని ఆయన్ను సాధువును చేసి దండం పెట్టుడు మొదలువెడ్తే ఆయన చేసిన రాజకీయం మాయమైతది. నాకు గదే కోపం.

జార్ఖండ్‌ల ధన్‌బాద్ బొగ్గు జిల్లా. రాయ్ అక్కడి సింద్రీ ఎరువుల ఫ్యాక్టరీల కెమికల్ ఇంజినీరు. కార్మికుల దిక్కు నిలవడ్డందుకు కొలువు పోయింది. 1967ల సీపీఎం నుంచి సింద్రీ ఎమ్మెల్యే అయిండు. ఆ పార్టీతోని పొసగక, 1970ల మొదట్ల మార్క్సిస్ట్ కో-ఆర్డినేషన్ కమిటీ పెట్టిండు. హిందీల మాసస్ అంటరు. ఎం.సీ.సీ. అనంగనే మావోయిస్ట్ కమ్యూనిస్ట్ సెంటర్ అనుకునేరు. అది వేరే, తుపాకి పార్టీ. ఇది యూనియన్ల, ఓట్ల పార్టీ.

ఇగ అసలు ముచ్చట. 1971-73 నడుమ బొగ్గు బావులు సర్కారువి అయినయి. కార్మికుని బతుకు మారాలె గదా? మాఫియా పోలే, అంగీ మార్చింది. పాత మాలికుల లాఠీ మనుషులే యూనియన్ లీడర్లయిండ్రు, బొగ్గు రవాణా కాంట్రాక్టులు పట్టిండ్రు. జీతాల రోజు వడ్డీలోళ్లు కట్టెలు పట్టుకొని కౌంటర్ల కాడ నిలవడేది. ఏండ్లకేండ్లు తట్టలు మోసిన ఆదివాసీలు, దళితులు ఎందరో మస్టర్ల పేరు లేక బయటవడ్డరు, వాళ్ల జాగల బయటోళ్లు జొర్రిండ్రు. రాయ్ పెట్టిన బిహార్ కోలియరీ కామ్‌గార్ యూనియన్ వీళ్ల దిక్కే నిలవడ్డది. సాదాగ బతుకుడు ఆయనకు షోకు గాదు. పైసలకు లొంగని లీడరుంటేనే మాఫియా ముంగట యూనియన్ నిలుస్తది.

ఇంకో సంగతి కూడ ఉన్నది. వినోద్ బిహారీ మహతో, శిబూ సోరెన్‌లతోని కలిసి జార్ఖండ్ ముక్తి మోర్చా పుట్టేటప్పుడు రాయ్ ఉన్నడు. జార్ఖండ్ దేశం లోపలి వలస అనేది ఆయన వాదం. ‘లాల్-హరా’ అన్నడు. ఎర్రజెండా కార్మికుడు, పచ్చజెండా ఆదివాసి రైతు ఒక్కటి గావాలె అని. తెలంగాణల పుట్టినోళ్లకు ఈ మాట విడమర్చి చెప్పే పని లేదు.

ఎమర్జెన్సీల జైలుకు పంపిండ్రు. 1977ల జైలు నుంచే ధన్‌బాద్ ఎంపీగ గెలిచిండు. 1980, 1989ల మళ్ల గెలిచిండు. ఎంపీల జీతాలు, పెన్షన్లు పెంచుడును లోక్‌సభలనే వద్దన్నడు. 1991ల బీజేపీ గెలిచింది, ఇగ రాయ్‌కు మళ్ల ఆ సీటు రాలే.

పార్టీ ఎందుకు పెరగలే? ఒక్క మనిషి చుట్టే తిరిగింది, ఇదొకటి. లాల్-హరా దోస్తానా తెగి, జార్ఖండ్ పేరు మీద వచ్చిన ఓట్లు మోర్చాకు పోయినయి. 2000 ఏప్రిల్‌ల నిర్సా ఎమ్మెల్యే గురుదాస్ చటర్జీని చంపిండ్రు. అన్నిటికన్న పెద్దది, పర్మినెంట్ కార్మికుడు తగ్గుకుంట వచ్చిండు. ఓపెన్‌కాస్టులు, ఔట్‌సోర్సింగ్ వచ్చినయి. గోదావరిఖని, ఇల్లందు పోరలకు ఇది ఇంట్ల ముచ్చటే. మన దిక్కు గుమ్మడి నర్సయ్యను గూడ ఇట్లనే సాదాతనం కోసమే యాది జేస్తరు, ఐదుసార్లు గెలిపిచ్చిన పోడు భూమి కొట్లాటను యాది మరుస్తరు.

రాయ్ 2019 జులై 21న పోయిండు. 2024 సెప్టెంబర్‌ల మాసస్ సీపీఐ (ఎం.ఎల్.) లిబరేషన్‌ల కలిసింది. రెండు నెలలకే ఆ జెండా మీద నిర్సాల గురుదాస్ కొడుకు అరూప్, సింద్రీల పాత ఎమ్మెల్యే ఆనంద్ మహతో కొడుకు చంద్రదేవ్ గెలిచిండ్రు. పెండ్లే చేసుకోని రాయ్ పార్టీకి గూడ వారసులే దిక్కయిండ్రు, ఏం జేస్తం. ఔట్‌సోర్సింగ్ కార్మికులను ఈ ఇద్దరు ఎట్ల కూడగడ్తరో నేనైతే చూస్తున్న.