పాత బండి వణుకు - తూకం కథ

మీ సైకిలును తలకిందులుగా నిలబెట్టి, ముందు చక్రాన్ని మెల్లగా తిప్పి వదలండి. అది ఆగే ముందు కాసేపు అటూ ఇటూ ఊగుతుంది. చివరకు సాధారణంగా ట్యూబు వాల్వు ఉన్న వైపు కిందికి వచ్చి నిలుస్తుంది. వాల్వు బరువు కొద్ది గ్రాములే. అయినా చక్రం ఆ తేడాను పసిగట్టింది! ఇలాంటి తేడాయే నిమిషానికి మూడు వేల సార్లు తిరిగే ఇంజనులో ఉంటే ఏమవుతుంది? పాత జీపులు, కార్లు నడిపేవారిని చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న ఇది.

బస్తర్‌లో జీపు

ఈ ప్రశ్నకు బస్తర్‌లో ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. 1998లో విడదీయక ముందు బస్తర్ జిల్లా వైశాల్యం సుమారు 39 వేల చదరపు కిలోమీటర్లు. అంటే కేరళ రాష్ట్రం కంటే కాస్త పెద్దది! దక్షిణాన కోంటా, పడమట భోపాలపట్నం దాటితే తెలుగు నేలే. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం వేశారు. గనులతో పాటు ఎన్నో తెలుగు కుటుంబాలు కిరండూల్, బచేలీలకు చేరాయి.

రైలు పట్టాలు లేని చోటికి వెళ్ళాలంటే జీపే దిక్కు. రెండవ ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో పుట్టిన విల్లీస్ జీపును 1947 నుంచి మన దేశంలో మహీంద్రా సంస్థ బిగించి అమ్మింది. తరువాత పెట్రోలు ఇంజన్ల స్థానంలో డీజిలు ఇంజన్లు వచ్చాయి. ప్రభుత్వ శాఖలు వాడి వేలం వేసిన జీపులు మరెన్నో ఏళ్ళు అడవి దారుల్లో నడిచాయి. జగదల్‌పూర్ నుంచి రాయపూర్ అయినా, విశాఖపట్నం అయినా దాదాపు 300 కిలోమీటర్లు. అలాంటి చోట విరిగిన భాగానికి బదులు మరో బండి నుంచి విప్పిన భాగాన్ని బిగించడం సహజం. బోల్టు రంధ్రాలు సరిపోతాయి, బండి కదులుతుంది. కానీ రంధ్రాలు సరిపోతే తూకం సరిపోయినట్లేనా?

రెండు రకాల తూకం తేడా

తూకం తేడా రెండు రకాలుగా ఉంటుంది. సైకిలు చక్రంలో చూసినది మొదటిది. చక్రం తనంతట తానే బరువైన వైపును చూపిస్తుంది కనుక దీన్ని పట్టుకోవడం తేలిక. రెండవది మాయదారిది. పొడవైన ఇరుసుకు ఒక కొసన పైవైపు, మరో కొసన కిందివైపు సమానమైన బరువులు అతికించారనుకోండి. నిలిచి ఉన్నప్పుడు ఇరుసు ఎటూ మొగ్గదు. తిరగడం మొదలుపెట్టగానే రెండు కొసలూ ఎదురెదురు దిశల్లో లాగుతాయి, ఇరుసు కావడిలా ఊగిపోతుంది. దీన్ని కనిపెట్టాలంటే ఇరుసును తిప్పి చూడవలసిందే. జర్మనీలో లావచెక్ అనే ఇంజనీరు రూపొందించిన తూకపు యంత్రాన్ని 1908 ప్రాంతంలో డార్మ్‌స్టాట్ నగరంలోని షెంక్ సంస్థ చేపట్టింది. అప్పటి నుంచి కర్మాగారాల్లో ఈ పని క్రమంగా శాస్త్రీయమయింది.

కారు ఇంజనులో మరో చిక్కు ఉంది. క్రాంకుషాఫ్టు గుండ్రంగా తిరుగుతుంది, పిస్టన్లు పైకీ కిందికీ కదులుతాయి. నాలుగు సిలిండర్ల ఇంజనులో రెండు పిస్టన్లు పైకి పోతుంటే రెండు కిందికి వస్తాయి కనుక ప్రధాన బలాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. కనెక్టింగు రాడ్డు వాలు వల్ల పుట్టే చిన్న బలం మాత్రం మిగిలిపోతుంది. అది ఇంజను వేగానికి రెట్టింపు వేగంతో కంపిస్తుంది. ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1910 తరువాతి కాలంలో దీనికి విరుగుడు చూపాడు. ఎదురెదురుగా, రెట్టింపు వేగంతో తిరిగే రెండు బరువు ఇరుసులను ఇంజనులో అమర్చడమే ఆ ఉపాయం. 1970లలో జపానుకు చెందిన మిత్సుబిషి ఈ ఆలోచనకు మెరుగులు దిద్దింది. అంతెందుకు, జర్మనీలోని పోర్షే సంస్థ కూడా తన 944 కారు కోసం మిత్సుబిషి నుంచి అనుమతి తీసుకుంది!

అతకని జోడీ

తూకం సరిచేసే బరువును ఎక్కడ ఉంచాలి? కొందరు తయారీదారులు క్రాంకుషాఫ్టులోనే ఉంచుతారు. అప్పుడు ఫ్లైవీలు, ముందు కప్పీ తమంతట తాము సమతూకంగా ఉంటాయి. మరికొందరు క్రాంకుషాఫ్టులో చోటు చాలక, కొంత బరువును ఫ్లైవీలు మీద, ముందు కప్పీ మీద కావాలనే ఒకవైపు ఉంచుతారు. అంటే ఆ ఫ్లైవీలు విడిగా చూస్తే వంకర తూకం. తన జోడీ క్రాంకుషాఫ్టుతో కలిస్తేనే సరైన తూకం.

దీనికి ప్రసిద్ధ ఉదాహరణ అమెరికాలోని ఫోర్డు 302 వి-8 ఇంజను. మొదట దీని ఫ్లైవీలు మీద తూకం తేడా 28 ఔన్సు-అంగుళాలు ఉండేది. 1980ల ఆరంభంలో దాన్ని 50కి మార్చారు. కొత్త ఫ్లైవీలును పాత ఇంజనుకు బిగించవచ్చు, బోల్టులు చక్కగా పడతాయి. కానీ 22 ఔన్సు-అంగుళాలు అదనం. మన లెక్కలో చెప్పాలంటే, ఇరుసు నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో సుమారు 158 గ్రాముల బరువు అంటించినట్లు.

అపకేంద్ర బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుందని మీరు బడిలో చదివే ఉంటారు. ఆ 158 గ్రాములు నిమిషానికి 700 చుట్ల దగ్గర 9 కిలోల బరువంత బలంతో మాత్రమే లాగుతాయి. 1500 చుట్ల దగ్గర అది 40 కిలోలు. 3000 చుట్ల దగ్గర 160 కిలోలు! ఇద్దరు పెద్ద మనుషుల కంటే ఎక్కువ బరువు సెకనుకు 50 సార్లు దిశ మార్చుకుంటూ బేరింగును లాగుతోందన్న మాట. షెడ్డులో నిలకడగా ఆడే ఇంజను రోడ్డెక్కగానే ఎందుకు వణుకుతుందో ఇప్పుడు అర్థమయిందా?

మన జీపుల్లోనూ, అంబాసిడర్లలోనూ ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజన్లకు ఈ సమస్య వేరే దారుల్లో వస్తుంది. ఒక్క పిస్టను మాత్రమే మార్చితే దాని బరువు మిగతా మూడింటితో కలవకపోవచ్చు. క్లచ్ కవరు వేరే బండిది కావచ్చు. ఫ్లైవీలును లేతు మీద చెక్కేటప్పుడు కేంద్రం తప్పి ఉండవచ్చు.

వణుకు ఎక్కడిది?

మొదటి పని: బండిని నిలిపి, గేరు తీసి, ఇంజను వేగాన్ని మెల్లగా పెంచండి. వణుకు వస్తే దోషం ఇంజనులోనో క్లచ్‌లోనో ఉంది. రోడ్డు మీద మాత్రమే వస్తూ, గేరు తీసి బండిని దొర్లనిచ్చినా కొనసాగితే చక్రాలనో ప్రొపెల్లరు షాఫ్టునో అనుమానించాలి.

రెండవది: వణుకుతున్నప్పుడు క్లచ్ తొక్కండి. వణుకు తగ్గితే క్లచ్ ప్లేటును గాని, గేరుపెట్టె ఇరుసును గాని చూడాలి. మారకపోతే ఫ్లైవీలు, కవరు, క్రాంకుషాఫ్టు మిగులుతాయి.

మూడవది: ఫ్యాను బెల్టు విప్పి, కొద్ది క్షణాలు మాత్రమే ఇంజను నడపండి. వణుకు పోతే ఫ్యాను, పంపు, డైనమోలలో ఏదో ఒకటి దోషి.

నాలుగవది: కుదుపు తక్కువ వేగంలోనే ఎక్కువగా ఉండి, వేగం పెరిగేకొద్దీ తగ్గితే అది తూకం దోషం కాదు. ఏదో ఒక సిలిండరు సరిగా మండడం లేదు, లేదా ఇంజను కింది రబ్బరు దిమ్మలు పాడయ్యాయి. వేగంతో పాటు వణుకు అంతకంతకూ పెరిగితేనే తూకాన్ని అనుమానించాలి.

ఐదవది: క్లచ్ కవరు బోల్టులు విప్పి, పిన్నులు అడ్డు రాకపోతే, కవరును సగం చుట్టు తిప్పి బిగించండి. వణుకు మారితే దోషం అక్కడే దొరికినట్లు. ముందు కప్పీలో రబ్బరు వలయం ఉంటే దాన్నీ చూడండి. రబ్బరు ముదిరి బయటి వలయం జారితే, టైమింగు గుర్తు కూడా దాని చోటు నుంచి తప్పుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. వణుకు ఎప్పుడు మొదలయింది, దానికి ముందు ఏ భాగం మార్చారు? చాలా సందర్భాల్లో జవాబు ఇందులోనే ఉంటుంది. ఈ ప్రశ్న అడగకుండా కార్బొరేటరు, రబ్బరు దిమ్మలు, ప్రొపెల్లరు షాఫ్టు వరుసగా మార్చుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది, వణుకు మిగులుతుంది. ఈ లోగా బేరింగులు అరుగుతాయి. లోహం అలసి క్రాంకుషాఫ్టుకు సన్నని పగులు పడవచ్చు. అది ఒకరోజు రోగిని తీసుకువెళ్తున్న జీపులో, ఊరికి దూరంగా, రెండు ముక్కలు కావచ్చు.

దీన్ని తప్పించడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. భాగాలు విప్పే ముందు ఫ్లైవీలు మీద, కవరు మీద, క్రాంకుషాఫ్టు కొసన ఉలితో జోడీ గుర్తులు పెట్టండి. పిస్టన్లను, రాడ్లను కిరాణా కొట్టు త్రాసులోనైనా ఒకదానితో ఒకటి తూచి చూడండి. పాత ఫ్లైవీలును తుక్కు కింద అమ్మే ముందు కొత్తదాని పక్కన పెట్టి, తొలిచిన రంధ్రాలు, అదనపు దిమ్మలు ఒకేలా ఉన్నాయో లేదో పోల్చండి. తేడా కనిపిస్తే బిగించకండి. తూకం సరిచేసే యంత్రం ఉన్న చోటికి క్రాంకుషాఫ్టునూ ఫ్లైవీలునూ కలిపే పంపండి. జోడీని విడదీసి తూచితే ఆ తూకానికి అర్థం ఉండదు.