జైతూన్ రేవులో ఒక పగలు

మీరు ఎక్కడి నుంచి వచ్చారు? ముస్లిం పేరున్న ప్రతి మనిషికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. కడప అన్నా, కరీంనగర్ అన్నా అడిగినవాళ్ళకు తృప్తి ఉండదు. "అది కాదండీ, అసలు ఎక్కడి నుంచి?" అంటారు. బడి పుస్తకాల్లో మా పాఠం గుర్రాలతో, కత్తులతో మొదలవుతుంది కాబట్టి జవాబు వాళ్ళ దగ్గర ముందే ఉంటుంది. మరి కత్తి పట్టకుండా సరుకు మూటలతో వెళ్ళి పరదేశంలో స్థిరపడ్డ ముస్లింల సంగతేమిటి? చైనా ఆగ్నేయ తీరంలో, ఫుజియన్ రాష్ట్రంలో ఉన్న చ్వాన్‌జౌ నగరం ఆ కథ చెబుతుంది. యాత్రికుడిగా నేనక్కడ తిరిగింది ఒక్క పగలే.

అరబ్బులు ఈ ఊరిని జైతూన్ అన్నారు. సాంగ్, యువాన్ వంశాల కాలంలో ఇది ప్రపంచంలోని పెద్ద రేవుల్లో ఒకటి. 1340లలో ఇబ్న్ బతూతా ఇక్కడ దిగాడు. 1290ల మొదట్లో మార్కో పోలో ఇక్కడే ఓడ ఎక్కి పర్షియాకు బయలుదేరాడు. ఆయన పుస్తకంలో మన మోటుపల్లి కూడా ఉంది. ఆ మోటుపల్లిలోనే 1244లో కాకతీయ గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకు అభయ శాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చినా సుంకం తప్ప సరుకు ముట్టనన్నాడు. సుంకాల పట్టికలో చీనీ కర్పూరం ఉంది. అంటే జైతూన్‌కూ మనకూ మధ్య సముద్రం అడ్డుగోడ కాదు, బాట.

పొద్దున్నే చింగ్‌జింగ్ మసీదుకు వెళ్ళాను. ఎత్తయిన రాతి ద్వారం, లోపల పైకప్పు లేని నమాజు హాలు. హిజ్రీ 400లో, అంటే 1009-10లో కట్టినట్టు, హిజ్రీ 710లో షీరాజ్‌కు చెందిన అహ్మద్ బిన్ ముహమ్మద్ బాగు చేయించినట్టు అరబీ శాసనం చెబుతుంది. ఉర్దూ చదివిన కళ్ళతో కూడబలుక్కుంటూ ఆ అక్షరాలు పోల్చుకున్నాను. ముస్లింలను ఎవరూ వేధించకూడదని 1407లో మింగ్ చక్రవర్తి యుంగ్లో ఇచ్చిన ఫర్మానా రాయి కూడా ఇక్కడే ఉంది. పక్కనే గ్వాన్ యూ దేవుడి గుడి. అక్కడి అగరుబత్తుల పొగ మసీదు ఆవరణలోకి వస్తూనే ఉంటుంది.

అక్కడి నుంచి కైయువాన్ బౌద్ధాలయం. ప్రధాన మందిరం వెనక రెండు స్తంభాల మీద నరసింహుడూ కృష్ణుడూ కనిపిస్తారు. దక్షిణ భారత వర్తకులు కట్టుకున్న గుడి శిథిలాల్లోంచి వచ్చిన రాళ్ళవి. 1281 నాటి తమిళ శాసనం కూడా ఈ ఊళ్ళో దొరికింది. జైతూన్‌లో పరదేశి అంటే ముస్లిం ఒక్కడే కాదన్నమాట.

మధ్యాహ్నం లింగ్‌షాన్ గుట్ట మీది సమాధుల దగ్గరికి వెళ్ళాను. ప్రవక్త సహచరులిద్దరు ఇక్కడ నిద్రిస్తున్నారని స్థానికుల నమ్మకం. యునాన్ ముస్లిం కుటుంబంలో పుట్టిన నౌకాధిపతి జెంగ్ హె 1417లో హోర్ముజ్ యాత్రకు ముందు ఇక్కడ ధూపం వేసినట్టు శిలాఫలకం ఉంది. మన దర్గాల్లో ఊదు వేసినట్టే.

ఇంతవరకూ కథ తియ్యగానే ఉంది. సముద్ర చరిత్ర మ్యూజియంలోకి వెళ్తే చేదు తెలుస్తుంది. మంగోలులు వచ్చినప్పుడు రేవు అధికారి ఫూ షౌగెంగ్ వాళ్ళ పక్షం చేరాడు. ఆయన పరదేశీ ముస్లిం వంశస్థుడు. తర్వాత 1357లో ఇక్కడి పర్షియన్ సైనికులు తిరుగుబాటు చేశారు. 1366లో అది అణగారాక ఊచకోత జరిగింది. సమాధులు ధ్వంసమయ్యాయి. పాలకుల పక్కన నిలబడింది కొందరు, మూల్యం చెల్లించింది ఓడ కళాసీ నుంచి ముల్లా దాకా అందరూ. ఈ లెక్క మనకు కొత్త కాదు.

ఎన్నో సమాధి రాళ్ళను నగరపు కోటగోడలో ఇటుకల్లా పేర్చారు. 1920ల నుంచి ఆ గోడ కూలగొడుతుంటే, వూ వెన్లియాంగ్ అనే బడి పంతులు ఆ రాళ్ళను ఏరి దాచాడు. 1957లో వాటి మీద పుస్తకం అచ్చు వేశాడు. మ్యూజియంలో ఈ రోజు మనం చదివే ఎన్నో పేర్లు ఆయన దయే.

ప్రాణాలతో తప్పించుకున్నవాళ్ళలో డింగ్ వంశం వారు సముద్రపు ఒడ్డున చెన్‌దాయ్‌లో తలదాచుకున్నారు. తరాలు గడిచేసరికి చాలామంది నమాజు మరిచారు. పెద్దలకు పెట్టే నైవేద్యంలో మాత్రం పంది మాంసం పెట్టరు. 1979లో ప్రభుత్వం వాళ్ళను హుయ్ ముస్లిం జాతిగా గుర్తించింది. ప్రార్థన పోయినా విస్తరిలో జ్ఞాపకం మిగిలింది.

2021లో యునెస్కో ఈ నగరంలోని 22 స్థలాలను ప్రపంచ వారసత్వంగా ప్రకటించింది. మసీదు అందులో ఒకటి. చైనా ప్రభుత్వం దాన్ని గర్వంగా చూపిస్తుంది. అదే ప్రభుత్వం ఇటీవలి సంవత్సరాల్లో ఎన్నో మసీదుల గుమ్మటాలు తీసేయించింది. షిన్‌జియాంగ్‌లో వీగర్ ముస్లింలను పెద్దఎత్తున నిర్బంధించడం మానవత్వంపై నేరం కావచ్చని 2022లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం చెప్పింది. చచ్చిన ముస్లిం వారసత్వం, బతికిన ముస్లిం అనుమానితుడు! ఈ నీతి ఒక్క చైనాదే అనుకుంటే పొరపాటు.

వెయ్యేళ్ళున్నా పరాయివాణ్ణి చేయడానికి పాలకులకు ఒక్క సంవత్సరం చాలు. రాళ్ళు ఏరడానికి మాత్రం ఒక పంతులు జీవితమంతా పట్టింది. మన ఊళ్ళ కబరస్తాన్‌లలో, అషుర్‌ఖానాల్లో అక్షరాలు చెరిగిపోతున్న రాళ్ళు ఎన్నో ఉన్నాయి. వాటిని చదివి రాసుకునే పని ముస్లింలది మాత్రమే కాదు. వూ వెన్లియాంగ్‌ను ఆ పని నీకెందుకని ఎవరైనా అడిగి ఉంటే, నా ఊరి రాళ్ళు కదా అనేవాడేమో.