తెర మీది సిలువ నుంచి డబ్బా మీది అక్షరం దాకా

అది నలుపు తెలుపుల ఆట. తెర మీద ఒక కారు, దాని ముందు అటూ ఇటూ పరుగులు తీసే పుల్లల్లాంటి బొమ్మలు. నాణెం వేసి, స్టీరింగ్ పట్టుకుని, ఆ బొమ్మల్ని తొక్కించుకుంటూ పోవాలి. బొమ్మ కారు కింద పడగానే కీచుమని ఒక అరుపు, పడిన చోట చిన్న సిలువ. కాలిఫోర్నియాలోని ఎగ్జిడీ కంపెనీ 1976లో తెచ్చిన ఈ ఆట పేరు 'డెత్ రేస్'. అవి మనుషులు కావు, భూతాలని కంపెనీ చెప్పుకుంది. ఎవరూ నమ్మలేదు. హింసాత్మక వీడియో గేమ్‌ల మీద తొలి పెద్ద గొడవ అక్కడే రాజుకుంది.

ప్రమాదాల నివారణకు పనిచేసే అమెరికా సంస్థ నేషనల్ సేఫ్టీ కౌన్సిల్ ఆ ఆటను గట్టిగా ఖండించింది. ఏటా వేల మంది పాదచారులు వాహనాల కింద పడి చనిపోతున్న దేశంలో, అదే పనిని ఆటగా ఎలా అమ్ముతారన్నది వాళ్ల ఆవేదన. టీవీలో హింస చూసేవాడు ప్రేక్షకుడే, ఈ ఆటలో మాత్రం హింస చేసేవాడు తానే అని ఆ సంస్థ మనస్తత్వవేత్త ఒకరు అన్నారు. ఆ తర్వాత పుట్టిన ప్రతి ఉద్యమానికీ ఆ మాటే ఆయువుపట్టు. తీసిపారేయదగ్గ మాట కాదది. కానీ పత్రికలూ టీవీ తిట్టిన కొద్దీ ఆ యంత్రాలకు గిరాకీ పెరిగింది. అడ్డుకోవాలనుకున్న ఆటకు ఆ తిట్లే ప్రచారమయ్యాయి.

1980ల మొదట్లో భయం ఆట నుంచి ఆటలాడే చోటికి మళ్లింది. వీధి వీధికీ వెలసిన ఆటశాలల్లో, అంటే ఆర్కేడ్లలో, పిల్లలు బడి ఎగ్గొట్టి, భోజనం డబ్బులు పోసి ఆడుతున్నారని తల్లిదండ్రులు కదిలారు. 1982లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని మార్ష్‌ఫీల్డ్ ఊరు నాణేలతో ఆడే యంత్రాలనే నిషేధించింది. ఆ నిషేధం 2014 దాకా నిలిచింది. 1982లోనే అమెరికా సర్జన్ జనరల్ ఎవరెట్ కూప్ ఈ ఆటలు పిల్లలకు చేటన్నారు. మర్నాడే అది తన సొంత అభిప్రాయమని, శాస్త్రీయ ఆధారం లేదని సవరించుకున్నారు. మొదటి మాట జనంలో నిలిచింది, సవరణ నిలవలేదు.

1992లో 'మోర్టల్ కాంబాట్' వచ్చింది. ఇందులో పుల్లల బొమ్మలు లేవు. నిజమైన నటుల్ని చిత్రీకరించి ఆటలోకి ఎక్కించారు. ఓడినవాడి గుండెను గెలిచినవాడు పెరికి చేత పట్టుకుంటాడు. మరుసటి ఏడాది ఇళ్లలోని యంత్రాలకు ఈ ఆటను తెచ్చినప్పుడు నింటెండో కంపెనీ రక్తాన్ని బూడిదరంగు చెమటగా మార్చింది. దాని పోటీ కంపెనీ సెగా మాత్రం రక్తాన్ని ఒక రహస్య మీటల వరుస వెనక దాచింది. ఆ వరుస బడిపిల్లల నోళ్లలో మంత్రంలా తిరిగింది. నింటెండోకు ఆటగాళ్ల కోపం మిగిలితే, సెగా ఆట ఎక్కువగా అమ్ముడుపోయింది. ఆటగాళ్లు మూకుమ్మడిగా ఇచ్చిన తొలి జవాబు అదే. రెండో భాగానికి నింటెండో కూడా రక్తాన్ని ఎర్రగానే ఉంచింది.

1993 డిసెంబరు 9న అమెరికా సెనేటర్లు జో లీబర్‌మన్, హెర్బ్ కోల్ విచారణ పెట్టారు. మోర్టల్ కాంబాట్‌తో పాటు 'నైట్ ట్రాప్' అనే ఆటనూ బోనెక్కించారు. నైట్ ట్రాప్‌లో ఆడేవారి పని అమ్మాయిల్ని దుండగుల నుంచి కాపాడటం. విచారణలో మాత్రం అది అమ్మాయిల్ని వేటాడే ఆటగా ప్రచారమైంది. ఆడినవాళ్లకు ఇక్కడే మండింది. ఆడకుండానే తీర్పు చెబుతున్నారన్న నమ్మకం వాళ్లలో పాతుకుపోయింది. అయినా ఆ విచారణ వల్ల ఒక మంచి జరిగింది. ప్రభుత్వం చట్టం చేసేలోపు పరిశ్రమే 1994లో ఈఎస్ఆర్‌బీ అనే రేటింగ్ బోర్డు పెట్టుకుంది. ఆట డబ్బా మీద ఒక అక్షరం వచ్చింది. 'టి' అంటే పదమూడేళ్లు దాటినవారికి, 'ఎం' అంటే పదిహేడు దాటినవారికి.

1999 ఏప్రిల్‌లో అమెరికాలోని కొలంబైన్ పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు కాల్పులు జరిపి పదిమందికి పైగా ప్రాణాలు తీశారు. వాళ్లు 'డూమ్' అనే కాల్పుల ఆట ఆడేవారని తేలగానే నింద గేమ్‌ల మీదా పడింది. ఫ్లోరిడా న్యాయవాది జాక్ థాంప్సన్ 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో' లాంటి ఆటల మీద కేసుల మీద కేసులు నడిపారు. కొందరు గేమర్లు ఆయన్ను బూతులు తిట్టారు, చంపుతామని బెదిరించారు. ఇది చెప్పక తప్పదు. గేమ్‌లు మనిషిని క్రూరుణ్ణి చేస్తాయన్న వాదానికి ఆ బెదిరింపుల కంటే పెద్ద సాక్ష్యం ఎవరు ఇవ్వగలరు?

అసలైన జవాబు ఇంకోచోట నుంచి వచ్చింది. గేమ్‌ల మీద 'పెన్నీ ఆర్కేడ్' అనే చిత్రకథ నడిపే మైక్ క్రాహులిక్, జెర్రీ హోల్కిన్స్, గేమర్లంటే హంతకులన్నట్టు వస్తున్న రాతలకు నొచ్చుకుని 2003లో 'చైల్డ్స్ ప్లే' మొదలుపెట్టారు. సియాటిల్ పిల్లల ఆసుపత్రిలో ఉన్న చిన్నారులకు బొమ్మలూ ఆటలూ పంపమని పాఠకుల్ని అడిగారు. పాఠకులు కుప్పలుగా పంపారు. ఆ సాయం తర్వాత ఎన్నో దేశాల ఆసుపత్రులకు చేరింది. 2005లో థాంప్సన్ తాను వర్ణించినట్టు ఒక ఆట తయారుచేస్తే 10,000 డాలర్లు దానం చేస్తానని సవాలు విసిరి, ఆ తర్వాత అది వ్యంగ్యమన్నారు. ఆ డబ్బు ఈ ఇద్దరే ఆయన పేరున దానమిచ్చేశారు. థాంప్సన్ న్యాయవాద పట్టాను 2008లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు శాశ్వతంగా రద్దు చేసింది.

2011 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు, మైనర్లకు హింసాత్మక గేమ్‌లు అమ్మరాదన్న కాలిఫోర్నియా చట్టాన్ని 7-2 మెజారిటీతో కొట్టేసింది. తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా, గ్రిమ్ సోదరుల కథల్లోని రక్తపాతాన్నీ, ఒకప్పుడు చవక నవలల మీద, కామిక్స్ మీద వచ్చిన అల్లర్లనూ గుర్తుచేశారు. పాఠ్యపుస్తకం మధ్యలో డిటెక్టివ్ నవల పెట్టుకుని చదివి తన్నులు తిన్న తెలుగువాళ్లకు ఆ మాట వెంటనే అర్థమవుతుంది.

ఆ గొడవ మన గడపకూ వచ్చింది. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో పబ్‌జీ అనే ఫోన్ ఆట ఆడినందుకు పోలీసులు కుర్రాళ్లను అరెస్టు చేశారు. 2020 సెప్టెంబరులో కేంద్రం ఆ ఆటను నిషేధించింది. చెప్పిన కారణం హింస కాదు, సమాచార భద్రత.

ఇప్పుడు ఆటకు డబ్బా లేదు, ఫోనే అన్నీ. అయినా ఆ అక్షరం పోలేదు. గేమ్ పేరు కింద 12+, 16+ అని అంకెగా మారి కూర్చుంది. మన ఇళ్లలో దాన్ని చూసే తల్లిదండ్రులెంతమంది? ఫోను లాక్కోవడం తేలిక, అరవడం ఇంకా తేలిక. ఆ అంకె చూసి, పిల్లవాడి పక్కన కూర్చుని, ఒక్క ఆట తామూ ఆడిన పెద్దలు వద్దంటే ఆ మాటకు బరువుంటుంది. నైట్ ట్రాప్ మీద విచారణ జరిపిన పెద్దల మాటకు పిల్లల దగ్గర లేకపోయింది ఆ బరువే.