తలుపు తట్టిన కుర్రాళ్ళు



నేరం అనగానే మనకు గుర్తొచ్చేది పోలీసులు, ప్లీడర్లు, జడ్జిగారు. వీళ్ళు గాక ఊళ్ళోని మామూలు మనుషులే, జీతం భత్యం లేకుండా, తప్పు చేసినవాణ్ణీ నష్టపోయినవాళ్ళనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి ఒకటుంది. ఇంగ్లీషులో రిస్టోరేటివ్ జస్టిస్ అంటారు. న్యూజిలాండు మావోరీల వంటి జాతుల్లో ఇటువంటి ఆచారం పూర్వం నుంచీ ఉన్నదే. నేటి కోర్టులతో జతపడి అది నడక నేర్చిన కథ మాత్రం కెనడాలో, ఆంటారియో రాష్ట్రంలోని ఎల్మైరా అనే చిన్న ఊళ్ళో మొదలైంది.

1974లో ఒక రాత్రి ఇద్దరు కుర్రాళ్ళు తప్పతాగి ఊరి మీద పడ్డారు. కార్ల టైర్లు కోశారు, కిటికీ అద్దాలు పగలగొట్టారు, ఒకరి పడవ పాడుచేశారు. మొత్తం 22 చోట్ల నష్టం. దొరికిపోయారు, నేరం ఒప్పుకున్నారు. మామూలుగా అయితే జైలో జరిమానానో వేసి ఫైలు మూసేస్తారు. అద్దం పగిలిన ఇల్లాలిని మాత్రం, “అమ్మా, ఆ రాత్రి నీకెలా గడిచింది?” అని అడిగే నాథుడుండడు.

ప్రొబేషన్ ఆఫీసులో పనిచేసే మార్క్ యాంట్జీ, స్వచ్ఛంద సేవ చూసే డేవ్ వర్త్ కలిసి ఈ కేసు గురించి ఆలోచించారు. ఈ కుర్రాళ్ళు ఆ ఇళ్ళవాళ్ళ మొహం చూస్తే బాగుంటుందని జడ్జిగారికి రాశారు. జడ్జి గోర్డన్ మెకానెల్ మొదట చట్టంలో అలా వీల్లేదన్నా, చివరికి సరేనన్నారు. ఇక చూడండి, ఇద్దరూ ఒక్కో గుమ్మం ఎక్కి, తలుపు తట్టి, “ఆ పని చేసింది మేమేనండీ” అని చెప్పుకోవాలి! వెంట వచ్చిన పెద్దలిద్దరూ నోటు పుస్తకాలు పట్టుకుని వెనక నిలబడేవారు, అంతే. కొందరు క్షమించారు. కొందరికి నాలుగు తగిలించాలన్నంత కోపం. నన్నడిగితే గదిలో పడి ఉండే జైలు కంటే ఆ గుమ్మమే కష్టం. బీమా పోగా మిగిలిన నష్టానికి చెరి 550 డాలర్లు కట్టమన్నారు. కొన్ని నెలల్లోనే ఇంటింటికీ వెళ్ళి చెల్లించారు.

దాని నుంచే కిచెనర్ పట్టణంలో ఒక కార్యక్రమం పుట్టి, 1978 నాటికి అమెరికాలోని ఇండియానాకూ పాకింది. ఇది మన రచ్చబండ లాంటిదే కదా అంటారేమో. కాదండీ. రచ్చబండ మీద పెద్దలు తీర్పు చెబుతారు. ఇక్కడ వాలంటీరు నోట తీర్పు రాకూడదు. ముందు ఇరుపక్షాలతో విడివిడిగా మాట్లాడాలి, ఇద్దరికీ ఇష్టమైతేనే కలపాలి, ఆపైన నోరు కట్టుకుని వినాలి. ఆ చివరిది మనలో ఎందరికి చేతనవుతుందో!

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. మొగుడి చేత దెబ్బలు తిన్న ఇల్లాలిని “ఎదురుగా కూర్చుని సర్దుకుపో” అనడానికి దీన్ని వాడితే అది న్యాయం కాదు, పాత అన్యాయానికి కొత్త పేరు. ఈ ప్రమాదం గురించి చాలా దేశాల్లో స్త్రీలే హెచ్చరించారు. వద్దు అనే హక్కు ఆమెకు లేకపోతే అసలు ఆ కుర్చీలే వేయకూడదు.

ఆ ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడు చిన్నప్పుడే తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నవాడు. దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత, నడివయసులో కాలేజీలో చేరి చదువుతుంటే, క్లాసుకు వచ్చిన అతిథి ఒకరు “ఎల్మైరా కేసు” గురించి ఉపన్యసించారట. అది తన కథేనని అప్పుడు తెలిసిందాయనకు. తర్వాత కిచెనర్‌లోని ఆ సంస్థకే వెళ్ళి, వాలంటీరుగా చేరాడు.