గుర్రపు పిల్లలో కాలేయ వ్యాధి: కారణం అంతుపట్టనప్పుడు

ఏటా మార్గశిర మాసంలో నాందేడ్ జిల్లా లోహా తాలూకాలోని మాళేగావ్‌లో ఖండోబా జాతర జరుగుతుంది. మనవారు మల్లన్నగా కొలిచే ఆ దేవుని సన్నిధికి గుర్రాలు, గాడిదలు, ఒంటెలు విక్రయానికి వస్తాయి. అటువంటి జాతరలో గుర్రపు పిల్లను కొనేవారు పళ్లు చూస్తారు, సుడులు చూస్తారు, నడిపించి చూస్తారు. అది అంతవరకు ఏమి మేసింది, దానికి ఏ సూదులు వేశారు అని అడిగేవారు అరుదు. కొన్ని నెలల తరువాత పిల్ల మేత మాని, చిక్కిపోయి, కనుగుడ్లు పసుపుబారినప్పుడు వైద్యుడు మొదట అడిగేవి ఆ రెండు ప్రశ్నలే.

పసుపుదనం కనిపించినంత మాత్రాన కాలేయం చెడిందని నిశ్చయించరాదు. ఏ కారణం చేతనైనా రెండు మూడు రోజులు మేత తినని గుర్రానికి కళ్లు పచ్చబడతాయి. ఇది ఆ జాతి శరీర స్వభావం. రక్తకణాలు నశించినా కామెర్లు వస్తాయి. పిడుదుల ద్వారా వ్యాపించే బెబీసియా వర్గపు జ్వరాలు ఇందుకు ఉదాహరణ. జోరీగలు వ్యాపింపజేసే సర్రా వ్యాధిలోనూ రక్తహీనత, చిక్కిపోవడం, కొన్నిసార్లు పసుపుదనం కనిపిస్తాయి. ఈ సర్రా క్రిమిని గ్రిఫిత్ ఎవాన్స్ 1880లో నేటి పాకిస్థాన్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల రక్తంలోనే గుర్తించాడు. అందువల్ల ముందుగా రక్తపరీక్ష చేయించడం అవసరం.

నిజంగా కాలేయమే దెబ్బతింటే ఇతర లక్షణాలు తోడవుతాయి. తెల్లని మచ్చలున్న చోట, మూతి దగ్గర చర్మం ఎండకు కమిలి పొక్కులు కడుతుంది. పిల్ల మాటిమాటికి ఆవులిస్తుంది, గోడకు తల ఆనించి నిలబడుతుంది, గమ్యం లేక తిరుగుతుంది. కాలేయం వడపోయలేని విషాలు మెదడుకు చేరడమే ఇందుకు కారణం. దీనిని గాలి సోకడమని భావించి కాలయాపన చేయడం ప్రమాదకరం. కాలేయంలో సగానికి పైగా నశించేవరకు అది బయటపడదు; కనుక లక్షణం కనబడిన నాటికి వ్యాధి కొత్తది కాదనే అనుకోవాలి.

కారణాలలో మన ప్రాంతానికి ముఖ్యమైనవి రెండు. మొదటిది గిలిగిచ్చ జాతి మొక్కలు. ఎండిన కాయ కదిపితే గలగలమంటుంది. మరాఠీలో ఖుళ్‌ఖుళా అంటారు. పచ్చిరొట్టకు వేసే జనుము కూడా ఈ కుటుంబానిదే. వీటిలో అనేక మొక్కలలోని విషం కాలేయాన్ని మెల్లమెల్లగా గట్టిపరుస్తుంది. ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతంలో గుర్రాలు దిక్కుతోచక నడుస్తూ మరణించే వ్యాధికి ఈ మొక్కలే మూలమని తేలింది. పచ్చిగా ఉన్నప్పుడు గుర్రం సాధారణంగా ముట్టదు. ఎండుగడ్డిలో కలిసిపోతే గుర్తించలేక తింటుంది. మేసిన వారాలకు, నెలలకు గాని వ్యాధి తెలియదు. అప్పటికి ఆ గడ్డివామి కూడా మిగలదు. చాలా కేసులు కారణం తెలియనివిగా ముగియడానికి ఇదొక హేతువు.

రెండవది బూజు పట్టిన వేరుసెనగ చెక్క, మొక్కజొన్న. వీటిలోని అఫ్లటాక్సిన్ అనే విషం మనుషులనూ విడువదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామాలలో బూజు మొక్కజొన్న తిని నూరుమందికి పైగా కామెర్లతో మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు దానిని పరిశోధించారు. మనుషులకు పనికిరాని గింజ పశువుకు పనికివస్తుందనే మన అలవాటు ఇక్కడ చేటు చేస్తుంది.

సూదుల సంగతి వేరు. గాయమైన గుర్రానికి ధనుర్వాతం రాకుండా ఇచ్చే సీరం ఇతర గుర్రాల రక్తం నుండి తయారవుతుంది. అది ఇచ్చిన 4 నుండి 10 వారాలకు అరుదుగా హఠాత్తుగా కాలేయం పాడవుతుంది. దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థీలర్ శతాబ్దం క్రితమే దీనిని వర్ణించాడు. అమెరికాలో ఇలా మరణించిన ఒక గుర్రంలో కనుగొన్న పార్వో వైరస్‌ను 2018లో ప్రకటించారు. అంతవరకు ఇదీ అంతుపట్టనిదే! అయితే భయపడి గాయాన్ని నిర్లక్ష్యం చేయరాదు. ముందే ధనుర్వాతపు టీకా క్రమంగా వేయిస్తే సీరం అవసరం తగ్గుతుంది.

పాలు తాగే పిల్లల విషయంలో ఒక్క మాట. ఒకటి నుండి ఆరు వారాల వయసులో టైజర్ వ్యాధి అనే సూక్ష్మజీవి దాడి గంటలలో ప్రాణం తీస్తుంది, తెల్లవారేదాకా ఆగరాదు. ముర్రుపాలు తాగకముందు ఇనుము కలిసిన మందులు పట్టడం కూడా కాలేయానికి హాని.

పరీక్షలలో జీజీటీ, పైత్యామ్లాలు ప్రధానం. పసి పిల్లలలో కొన్ని విలువలు సహజంగానే ఎక్కువ కనుక వయసు తప్పక చెప్పాలి. పందెపు శిక్షణలో ఉన్న పడుచు గుర్రాలలో జీజీటీ ఒక్కటే పెరగడం కూడా ఉంది. అవసరమైతే సూదితో కాలేయపు ముక్క తీసి పరీక్షిస్తారు. కారణం చెప్పలేకపోయినా, కాలేయం ఎంత గట్టిపడినదీ దానివల్ల తెలుస్తుంది.

కారణం దొరకనప్పుడు చేయదగినది, అనుమానమున్న మేతనంతా ఒక్కసారిగా మార్చడం. నీడలో కట్టాలి, పని మాన్పించాలి. బూజులేని గడ్డిని, మంచి మొక్కజొన్న నూకను కొద్దికొద్దిగా రోజుకు ఐదారుసార్లు పెట్టాలి. గుర్రానికి ఉలవలే బలమని మన నమ్మకం. ఈ స్థితిలో, ముఖ్యంగా మెదడు లక్షణాలుంటే, ఉలవలు, శనగలు, తెలకపిండి తగ్గించాలి. గొట్టంతో కషాయాలు పోయరాదు. మింగలేని పిల్లకు అవి ఊపిరితిత్తులలోకి పోతాయి. ఇంట్లోని నొప్పి మాత్రలు, నులిపురుగుల మందు వైద్యునికి చెప్పకుండా ఇవ్వరాదు. హఠాత్తుగా వచ్చిన జబ్బులో మొదటి వారం గడిచిన పిల్లలు చాలావరకు కోలుకుంటాయి. కాలేయం బాగా గట్టిపడినదానికి ఆ ఆశ తక్కువ; అప్పుల పాలయ్యే ముందు ఆ సంగతి వైద్యుణ్ణి సూటిగా అడగవచ్చు.

మన ఊళ్లలో వైద్యుడు మరాఠీవాడు, యజమాని తెలుగువాడు కావడం సహజం. కామెర్లంటే వారికి కావీళ్. కాలేయానికి యకృత్ అంటే ఇరువురికీ తెలుస్తుంది. మొక్క పేరు విషయంలో మాత్రం మాటను నమ్ముకోక, పూవు, కాయలతో సహా మొక్కనే పీకి తీసుకువెళ్లండి. గుప్పెడు దాణా, మిగిలిన గడ్డి, సూది మందు ఖాళీ సీసా కూడా సంచిలో వేసుకోండి.